బాబు మియా ఇరుసు కొలిచిన పొద్దు

ఎవలు, బాబు మియానా? గాయన పోయి ఇరవై ఏండ్లు దాటె బిడ్డా, నీకెట్ల ఎర్కుంటది? కాగజ్‌నగర్ తొవ్వల కట్టెల డిపో ఉండె సూడు, గా డిపోల లారీ నడిపేటోడు. నేను అండ్లనే దుంగలు కొలిచేటోన్ని. పొద్దుగాల ఆరింటికల్ల గేటుకాడ ఉండేది. ఆరంటె ఆరే. గిప్పటోళ్లకు ఆరంటె ఏడున్నర. సరే, అది ఇడిసిపెట్టు. మియా నమాజు ఇడువకపోతుండె, స్టీరింగు ముట్టే ముందుగాల బండి సుట్టు ఒక్కసారి తిరుగుడు ఇడువకపోతుండె. ఉట్నూరు అడివికెల్లి టేకు తెస్తుండె. ముంగట ఇంజన్ బండి, ఎనక కొండికి తగిలిచ్చిన పాత ట్రెయిలరు. దాని ఇరుసు ఎడ్లబండికి ఉన్నట్టు నడుమ ఉండె. రివర్సుల స్టీరింగు బెత్తెడు తిప్పితె అది మూరెడు తిరిగేది, గని తోక ఊగి గోడలకు గీరేది. ఇరవై ఏండ్లు దానికే అలవాటు పడ్డది మియా చెయ్యి.

డెబ్బై తొమ్మిదిల కంట్రాక్టరు సుదర్శన్‌రావు దొర కొత్త ట్రెయిలరు తెచ్చిండు. పొడుగు దుంగల కోసం ఇరుసు మొత్తం ఎనకకు, తోక కింద. మియా పాత లెక్కనే బెత్తెడు తిప్పి గేట్లకు రివర్సు తీసిండు. అది తిరగలే, సక్కగ గేటు కంబం మీదికే పోవట్టె. పరేషానై మొత్తం తిప్పిండు. గప్పుడు తిరిగింది, ఇగ ఆగితె గద! మోకాలు మడిచినట్టు ఇంజన్ మీదికే మడత వడ్డది. రెండోపారి గట్లనే. హమాలీలు ఒక్కొక్కడు ఒక్క తీరు అరుసుడు. “రానీ, రానీ!” “ఆగు మియా!” “కండ్లద్దాలు బేగంకాడ మర్సినవా?” నేను గూడ నవ్విన. తప్పే. ఒకని పని పోయేకాడ నవ్వుడు పాపం. దొర ఏమన్నడు? “మియా, నువ్వు ముసలోనివైనవ్. పన్నెండు కొట్టేలోపు బండి లోపల నిలవెడితె సరే, లేకుంటె తాళంచెయ్యి కైలాసానికి.” కైలాసమంటె దొర బామ్మర్ది తెచ్చిన కొత్త డ్రైవరు. అప్పటికే అంగి చేతులు మడుస్తుండె. మియాకు ఇంకో పని రాదు, ఇంట్ల ఐదుగురు పిల్లలు.

ఇంజన్ బంద్ చేసి దిగిండు. సక్కగ నాకాడికొచ్చిండు. “అంతయ్య భాయ్, జర నీ టేపియ్యి” అన్నడు. కొండికెల్లి ఇరుసుదాంక కొలిస్తె ఇరవై ఆరు ఫీట్లు. మూలకు పడున్న పాతదాన్ని గూడ కొలిసిండు. పదిహేడు. ఇగ నవ్వుడు వెట్టిండు సూడు, నెత్తి కొట్టుకుంట! “అరే, తప్పు బండిది గాదు, నాది. దాన్ని అడగకుంటనే నడిపిన. ఇరుసు దగ్గరుంటె దూడ, తాడు గుంజంగనే ఉరుకుతది. దూరముంటె దున్నపోతు, ముందుగాలనే చెప్పాలె, చెప్పి ఓపికతోటి సబర్ పట్టాలె.” గట్ల చెప్పాలంటె జాగ కావాలె. తొవ్వకు అవుతలి దిక్కు చంద్రవ్వ ఛాయ్ డబ్బా. “అక్కా, జర బల్లలు తీస్తవా?” “తీస్త మియా, గని నా డబ్బాకు తగిలిచ్చినవంటె రేపటికెల్లి నీ లారీల్నే ఛాయ్ కాస్త!” అందరు పడి పడి నవ్విరి. మియా బండిని గా డబ్బాదాంక తీస్కపోయి, గేటు ఇంక మస్తు దూరముండంగనే తిప్పుడు సురూ చేసిండు. కైలాసం, “గిప్పుడే తిప్పవడితివేంది, ప్రహరీ కూలుస్తవా?” అని మొత్తుకుండు. మియా ఇటు సూడలే. ట్రెయిలరు మెల్లగ, పెండ్లిపిల్ల లెక్క మెల్లగ తిరిగింది. అది పూర్తిగ తిరగకముందే స్టీరింగు మర్లవెట్టిండు. కంబానికి నాలుగు వేళ్ల సందుతోటి లోపలికి పోయింది. ఇరుసు తోక కిందనే ఉండె, ఊగనీకె తోకేది? హమాలీలు మియాను భుజాల మీదికెత్తిండ్రు. పన్నెండుకు ఇంక పావుగంట ఉండె.

దొర, “బండి నీదే మియా” అన్నడు. “నాదైతె కైలాసాన్ని పక్కకు కూసోవెట్టుకుంట దొరా. రేపు నాకు బుకారొస్తె టేకు ఎవడు తేవాలె?” అన్నడు మియా. నేనైతె అనకపోదును, నిజం చెప్తున్న. కైలాసం సిగ్గుకు మొఖం కిటికీ దిక్కు వెట్టి కూసున్నడు. ఉట్నూరు తొవ్వల వాగు దాటేటాల్లకు ఇద్దరు ఒకటే నవ్వుడట. పదకొండేండ్లు గట్లనే తిరిగిండ్రు. మియా పోయినప్పుడు జనాజాకు ముంగటి భుజం వట్టింది గా కైలాసమే…

ఎండ ఇటు మర్లింది. మంచం జర నీడకు గుంజు బిడ్డా.