ఆదివారం గుడగుడ

ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో ఒక ఆదివారం ఉదయం. హాల్లో అక్వేరియం కింది అరలోకి తల, భుజాలు దూర్చి ఒకాయన మోకాళ్ళ మీద ఉన్నాడు. కాఫీ కప్పుతో ఆయన భార్య వెనక నిలబడింది.

"మళ్ళీ గుడగుడమంటోందా?"

"నీళ్ళు కిందికి దిగే గొట్టంలో గాలి జొరబడింది. వాల్వు కాస్త బిగిస్తే నీళ్ళు గొట్టం నిండా పారి చప్పుడు పోతుంది."

"ఎంతసేపు పడుతుందేం?"

"రెండు గంటలు పట్టొచ్చు. చాలా సున్నితమైన పని."

"అంటే మా అక్క గ్లెనిస్ వచ్చి వెళ్ళేదాకా."

"అయ్యో, ఇవాళ వస్తోందా? నాకు గుర్తే లేదు!"

"వారమంతా నోరెత్తని గొట్టం సరిగ్గా మా అక్క వచ్చే రోజే ఎందుకు కూస్తుందో?"

"నీళ్ళ సంగతి నీకేం తెలుసు?"

"నెయిల్ పాలిష్ సంగతి తెలుసు. క్రితంసారి చప్పుడు ఆగగానే వాల్వు పిడి మీదొకటి, దానికెదురుగా గొట్టం మీదొకటి ఎర్ర చుక్కలు పెట్టాను. నిన్నటిదాకా రెండూ ఎదురెదురుగానే ఉన్నాయి. ఇప్పుడెక్కడున్నాయో చూడు."

"చేపలు తిప్పాయేమో."

"వాటికి చేతులెప్పుడు మొలిచాయి?"

"సరే, నేనే తిప్పాను. మీ అక్క కారవాన్ యాత్ర ఫొటోలు నాలుగోసారి చూడటం నా వల్ల కాదు."

"ఇవాళ వీడియో కూడా తెస్తోందట. మూడు గంటలట."

బయట గేటు చప్పుడైంది. ఆమె గబగబా కప్పు పక్కన పెట్టి ఆయన వెనకే మోకాళ్ళ మీద వంగింది.

"వచ్చేసింది! వాల్వు ఇంకో పావు చుట్టు తిప్పు."

"బిగించనా?"

"వదులు చెయ్యి! చేసి, కొంచెం అటు జరుగు. టార్చి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి కదా."