వేళ్లకు దొరికిన పర్వతం

(చూపు లేని పిల్లల బడిలో భూగోళం గది. పరీక్షకు ఇంకా గంట ఉంది. టీచరమ్మకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఆవిడ చెల్లెలి మొగుడు వడ్రంగి, అతనికి రెండు కళ్లూ భేషుగ్గా పనిచేస్తాయి. వచ్చిన చిక్కంతా అక్కడే. బల్ల మీద కిటికీ తలుపంత ఖండం, ఆ చెల్లెలు కాగితం గుజ్జుతో చేసింది. అలాంటి ఖండం ప్రపంచంలో ఎక్కడా లేదు, పాఠం కోసం టీచరమ్మ ఊహించుకున్నది. ఇప్పుడే అతను తెచ్చి దింపాడు, ఆవిడ చేతులు వేసింది.)

“ఇదేమిటి మరిదీ?”

“ఏది వదినా?”

“ఇది. నా చూపుడువేలి కింద ఉన్నది.”

“ఖండం.”

“ఖండమని తెలుసు. దాని నడుమ ఇదేమిటంటున్నా. ఉత్తరం నుంచి దక్షిణం దాకా, బొద్దుగా, వెన్నెముకలాగా.”

“ఓ, అదా. పర్వతం.”

“పర్వతమా?”

“పర్వతాలు. వరుసగా ఉంటే ఏదో అంటారే మీరు, శ్రేణి. అది.”

“మూడు వారాల కిందట మీ ఇంటికొచ్చి తడిమినప్పుడు ఇక్కడ మైదానం ఉంది. అరచెయ్యి జారిస్తే నేరుగా తూర్పు సముద్రంలో పడింది.”

“మూడు వారాలంటే మాటలా వదినా!”

“పర్వతం పుట్టాలంటే కోట్ల ఏళ్లు పడుతుంది.”

“మీ చెల్లెలు పనిలోకి దిగిందంటే మీకు తెలుసుగా. చకచకా అయిపోవాలి.”

“పోయిన ఆదివారం వస్తే నన్ను ముట్టుకోనివ్వలేదు. రంగు ఆరలేదంది.”

“అదిగో! అప్పుడు పుడుతూ ఉండుంటుంది.”

“సరే. పర్వతమే. కూర్చో.”

“నాకవతల పనుంది వదినా. ఒక ఇంటివాళ్లకి తలుపు బిగించాలి. మీరు బాగుందని ఒక్క మాట అనేస్తే...”

“కూర్చోమన్నానా! ఈ ఖండానికి సముద్రపు గాలి ఎటు నుంచి వస్తుంది?”

“నన్నడుగుతారేమిటి?”

“పర్వతాన్ని వెనకేసుకొచ్చింది నువ్వేగా. అంచు మీద బాణం గుర్తులున్నాయి, చెప్పు.”

“పడమర నుంచి.”

“తడి గాలి. హాయిగా మైదానం మీదుగా వస్తోంది. నీ పర్వతం అడ్డొచ్చింది. ఏం చేస్తుంది?”

“ఎక్కుతుంది.”

“ఎక్కితే?”

“ఆయాసపడుతుంది.”

“చల్లబడుతుంది. నిండు బకెట్టు పట్టుకుని మేడ మెట్లెక్కావనుకో, ఏమవుతుంది?”

“మెట్లన్నీ తడుస్తాయి. మీ చెల్లెలు తిడుతుంది.”

“పైకెళ్లేసరికి బకెట్లో ఎంత మిగులుతుంది?”

“అడుగున కాస్త.”

“ఇదీ అంతే. వానంతా ఇటు వాలు మీదే కురిసిపోతుంది. అటు దిగే గాలిలో తడి ఉండదు. ఇప్పుడు అటు పక్క ఏముందో చెయ్యి పెట్టి చూడు.”

“గుండుసూది తలకాయ.”

“అది ఊరు. మూడు లక్షల మంది. ఏం తాగుతారు?”

“బోర్లు వేయించుకుంటారు.”

“వానే లేకపోతే నేలలో నీళ్లు ఎక్కడివి?”

“పోనీ ట్యాంకర్లు...”

“వాళ్లు వరి పండిస్తారు మరిదీ! ఆరో ప్రశ్నకి జవాబు అదే. ఇప్పుడేం పండించను?”

“గొర్రెలు కాచుకోమనండి. గొర్రెలకేం, మంచి రాబడి.”

“తాతల నాటి నుంచీ మడిలో దిగి నాట్లు వేసినవాళ్లు, పొద్దున్నే లేచి గొర్రెల వెంట పడాలా? నువ్వు చెప్పావని?”

“నేను చెప్పలేదు వదినా. పర్వతం చెప్పింది.”

“నాలుగో ప్రశ్న. ఆ ఊళ్లో ఇళ్ల పైకప్పులు ఎలా ఉంటాయి? వాన జారిపోవడానికి ఏటవాలుగా ఉంటాయి. ఇది జవాబు. వానే లేనిదానికి ఏటవాలు ఎందుకు?”

“చదును చేసేస్తే సరి. దూలాలు కూడా తక్కువ పడతాయి.”

“నువ్వు ఎక్కి చేస్తావా మూడు లక్షల మంది ఇళ్లకి? ఇక ఇటు పక్క, పడమటి వాళ్ల సంగతి చూడు. ఏడాదికి ఏడు నెలలు వాన. గోడల మీద నాచు, బట్టలు ఆరవు...”

“తలుపులు ఉబ్బుతాయి.”

“ఏమిటీ?”

“చెక్క తడి పీలుస్తుంది కదండీ. తలుపు ఉబ్బి చట్రంలో ఇరుక్కుపోతుంది, చిత్రిక పట్టాలి. అటు ఎండ వైపు చెక్క బీటలిస్తుంది, మేకులు బిగించాలి. ఎటు చూసినా వడ్రంగికి చేతినిండా పని. మంచి ఖండం వదినా, దీన్ని ఇలాగే ఉంచెయ్యండి.”

“తలుపుల గొడవ నీకు తెలుసు. నది గొడవ చెప్పు. ఈ దారం తగులుతోందా?”

“తగులుతోంది.”

“అది నది. పడమటి గుట్టల్లో పుట్టి తూర్పు సముద్రంలో కలవాలి. నీ పర్వతం కాళ్ల దాకా వచ్చి దారం మాయమైంది, అవతల మళ్లీ తేలింది. ఈ నడుమ ఏం చేసింది? గోడ దూకిందా?”

“సొరంగం.”

“ఎవరు తవ్వారు?”

“పోనీ అక్కడే ఆగిపోతుంది. చెరువవుతుంది.”

“చెరువైతే ఇటున్న పల్లెలు మునుగుతాయి. రెండు చిన్న సూదులున్నాయి, లెక్కపెట్టుకో.”

“వదినా, ఉలి జేబులోనే ఉంది. అయిదంటే అయిదు నిమిషాలు. నదిని ఇలా దక్షిణానికి తిప్పేస్తా.”

“తిప్పితే తూర్పు తీరంలో, నది కలిసే చోట చేపలు పట్టేవాళ్లున్నారే, వాళ్లో?”

“వాళ్లు కూడా గొర్రెలు...”

“ఖండమంతా గొర్రెలతో నింపేస్తావా ఏమయ్యా?”

“మీరు మరీను. నది కొండని కోసుకుంటూ పోకూడదా? ఎక్కడో విన్నాను.”

“ఆఁ, అలా అడుగు, బాగుంది. పోతుంది. నది ముందు నుంచీ అక్కడే పారుతూ ఉండాలి, కొండ దాని కింద నుంచి నెమ్మదిగా లేవాలి. అప్పుడు నీ రంపంలాగే కోసుకుంటూ పోతుంది. కాకపోతే కొండ లేచే జోరు కంటే నది కోసే జోరు ఎక్కువుండాలి. ఇంతకీ నీ కొండ ఎంతసేపట్లో లేచింది?”

“ఎంత, ఓ అరగంట...”

“అరగంట.”

“అంటే... మీ చెల్లెలు...”

“మా చెల్లెలికి మూడు వారాలు పట్టిందన్నావు. ఈ అరగంట ఎవరిది?”

“వదినా.”

“చెప్పు.”

“కాసిని మంచినీళ్లిస్తారా?”

“తూర్పున నీళ్లు లేవు. చెప్పు.”

“విరిగిపోయింది వదినా. మీ బడి మెట్ల మీద, పై నుంచి మూడో మెట్టు. కాలు జారింది. నేను పడ్డా, అది నా మీద పడింది. అయినా రెండు ముక్కలైంది.”

“నీకేం తగల్లేదు కదా?”

“మోచెయ్యి దోక్కుపోయింది, అది సరే. ఒక్క పలుకు రాలలేదు వదినా! కోసి పెట్టినట్టు నిలువునా రెండు ముక్కలు. నాకే ఆశ్చర్యమేసింది. బండిలో జిగురుంది, రంపప్పొట్టుంది, రంగుంది. అక్కడే కూర్చుని, అంచుకి అంచు పెట్టి, మోకాళ్ల మధ్య ఇరికించి గట్టిగా నొక్కా. నొక్కుతుంటే నడుమ నుంచి ముద్ద పైకి పొంగుకొచ్చింది. గీరేద్దామనేసరికి బిగిసిపోయింది. రంగు మాత్రం ఎంత బాగా కలిపాననుకున్నారు! పచ్చకి పచ్చ. చూసినవాడెవడూ కనిపెట్టలేడు.”

“ఎవరు చూస్తారు?”

“అంటే...”

“ఈ బడిలో నలభై ఇద్దరు పిల్లలు, నేను. ఇందులో చూసేదెవరు?”

“వాచ్‌మన్.”

“అతనికి భూగోళం పరీక్ష లేదు.”

“అది తట్టలేదు వదినా. మా పనిలో అతుకు కంటికి కనబడకపోతే చాలు.”

“ఆగు. నవ్వుకోనీ.”

“నవ్వకండి! ఇక్కడ నా కాపురం మునిగేలా ఉంది.”

“అసలు నిన్నెవరు తెమ్మన్నారు? చెల్లెలు తనే తెస్తానందిగా.”

“ఎవరూ తెమ్మనలేదు. మీ చెల్లెలు నాతో మాట్లాడితేగా తెమ్మనడానికి! పదిహేను రోజులైంది.”

“పదిహేను రోజులా? నాకొక్క మాట చెప్పలేదే?”

“అడుగున చెక్క బిగిస్తాను, లేకపోతే ఒంగుతుంది అన్నాను. ‘ఇది మంచం కాదు, నీ చెక్క నాకక్కర్లేదు’ అంది. నేనైనా ఊరుకోవాలా? ‘కాగితం గుజ్జు ఏపాటి నిలుస్తుందో నేనూ చూస్తా’ అన్నాను. అంతే. మర్నాటి నుంచి గది తలుపేసుకుని పని. అన్నం వడ్డిస్తుంది, మాట ఉండదు. కూర ఇంకాస్త వెయ్యమంటే వేస్తుంది, ఉప్పెక్కువైందంటే తలూపుతుంది. ఇవాళ నేనే మోసుకెళ్లి దింపేస్తే, మెట్లెక్కే బాధ తప్పించాడని ఒక్క మాటైనా అంటుందనుకున్నా. నాలుగు నెలల కష్టం వదినా అది. ఇప్పుడు కావాలనే విరిచాడంటుంది. మనిషి గొంతు వినపడని ఇంట్లో నేను ఉండలేకపోతున్నా. నిన్న రాత్రి ఊరికే బల్ల మీద సుత్తితో కొట్టా, చప్పుడైనా ఉంటుందని.”

“అయ్యో మరిదీ.”

“మీరు చెప్పకండి. కాళ్లు పట్టుకుంటా.”

“కాళ్లు వదులు. నొక్కానన్నావే, ఎటు నుంచి నొక్కావు?”

“రెండు వైపుల నుంచీ.”

“రెండు ముక్కలూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. నడుమ ఉన్నదానికి పోయే దారి లేక పైకి లేచింది. అంతేనా?”

“అంతే.”

“పర్వతాలు పుట్టేది అలాగేనయ్యా!”

“ఎలాగ?”

“అలాగే. నేల పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే నడుమ నేల పైకి లేస్తుంది. పదకొండేళ్లుగా చెబుతున్నా. దుప్పటి మడతలు పెట్టి చూపించా, అట్టముక్కలు నెట్టి చూపించా, ఒక్కడికీ వేళ్లకెక్కలేదు. నువ్వు కాలు జారి చూపించావు.”

“అయితే తిట్టరా?”

“తిడతాను. పరీక్షయ్యాక.”

“ప్రశ్నపత్రాలో? బ్రెయిల్ చుక్కలు గుచ్చేశారు కదా అన్నిటికీ?”

“ప్రశ్నలు అవే. వాన ఎటు, నది ఎటు, జనం ఏం పండిస్తారు. జవాబులే మారతాయి. ఏటేటా నేనడిగేది ఇవే, పై తరగతి వాళ్లు కింది తరగతికి జవాబులు చెప్పి పంపిస్తున్నారు. ఇవాళ బట్టీ పట్టినవాళ్లంతా దొరికిపోతారు. వేళ్లతో వెతికినవాళ్లే గట్టెక్కుతారు.”

“గొర్రెలని రాస్తే?”

“మార్కులిస్తా. ఇదే పటంతో ఉన్న పాత ఖండం ఎందుకు తీసేశామో తెలుసా? దాని మీద ఉత్తరాన పెద్ద కొండలుండేవి. పిల్లలు తడిమి తడిమి దిబ్బలు చేసేశారు. వానా గాలీ అసలు కొండల్ని చేసేది అదే. నీ పర్వతమూ అరుగుతుందిలే.”

“కోపం కూడా అరుగుతుందా వదినా?”

“రోజూ చెయ్యి వేస్తూ ఉంటే. ఉష్, మెట్ల మీద చెప్పుల చప్పుడు.”

“పిల్లలేమో.”

“కుడికాలి చెప్పు ఈడుస్తోంది, పట్టీ తెగింది. మీ ఆవిడే.”

“ఆ పట్టీ కుట్టించమని మాటలున్నప్పుడే చెప్పింది... వదినా, నన్నెక్కడైనా దాచండి!”

“దాక్కోవడం నాకేం తెలుసు? ఈ గదిలో ఎవరూ ఎవరి నుంచీ దాక్కోరు.”

“బల్ల కింద దూరుతా. మీరు ఖండం మీద గుడ్డ కప్పెయ్యండి.”

“తల జాగ్రత్త.”

“అక్కా! అక్కా, దాన్ని ముట్టుకోకు!”

“రావే. ఏమిటా పరుగు?”

“ఆయనేడీ?”

“కిందెక్కడో ఉన్నాడు.”

“ఒక్కడే మోసుకొచ్చాడా? ఇన్ని మెట్లూ ఎక్కి? విరిగిందా?”

“అదేం ప్రశ్నే? గుడ్డ కింద ఉంది. విరగడానికేమొచ్చింది?”

“నీకొకటి చెప్పాలి. ఆయనకి మాత్రం చెప్పకూడదు.”

“ఇవాళ అందరికీ నేనే దొరికాను. చెప్పు.”

“అది పదిహేను రోజుల కిందటే విరిగింది. నా చేతుల్లోనే. ఎండలో పెడదామని ఎత్తితే నడుమ ఒంగి, ఫటుక్కుమని రెండు ముక్కలైంది. ముందు రోజే కదా, అడుగున చెక్క వేస్తానని ఆ మనిషి వస్తే అక్కర్లేదని అంత పొగరుగా అన్నాను! ఏ మొహం పెట్టుకుని చెప్పను? తలుపేసుకుని అతికించాను. నీ వేళ్లకి దొరక్కూడదని మూడు రోజులు గరుకు కాగితం పెట్టి రుద్దాను.”

“అందుకా రంగు ఆరలేదన్నావు.”

“అందుకే.”

“మరి మీ ఆయనతో మాటలెందుకు మానేశావు?”

“మానానా? నోరు విప్పితే ముందు ఇదే బయటికొస్తుంది. ఆయన ముందు నాకు అబద్ధం నిలవదు, నీకు తెలుసుగా. పరీక్ష కాగానే చెబుదామనుకున్నా. పొద్దున్న చూస్తే గదిలో బల్ల ఖాళీ! దారిలో అతుకు ఊడితే తనే విరిచాననుకుంటాడు పాపం, ఎంత కుమిలిపోతాడో అని దారి పొడుగునా ఒకటే ఏడుపు... అక్కా, బల్ల కదిలిందేమిటి?”

“భూకంపం. కొత్తగా పర్వతాలు పుట్టే చోట మామూలే.”

“ఏం పర్వతాలు?”

“అవి తర్వాత. దేనితో అతికించావు?”

“ఆయన జిగురు ముట్టుకుంటే ఇట్టే పట్టేస్తాడు, రోజూ డబ్బా ఊపి చూసుకుంటాడు ఎంతుందో. అందుకని మైదాపిండి ఉడకబెట్టి...”

“మైదాపిండా! ఇంత బరువుకి మైదాపిండా? డబ్బాడు జిగురూ నీ చేతుల్లో పోసేవాణ్ణి కదే, ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే!”