రాజకుమారి కలిపే రంగు

ఏంటి సుధీరూ, పది నిమిషాల నుంచీ ఆ బంపరు ముందు గొంతుక్కూర్చుని చూస్తున్నావు? తేడా కొడుతోందా? కొడుతుంది నాయనా, కొట్టక ఏం చేస్తుంది. ముట్టుకోకు, ఇంకా ఆరలేదు, వేలిముద్ర పడుద్ది. మా తమ్ముడి కొడుకు జాన్సన్‌గాడు కంప్యూటర్లో నీ బండి నంబరు కొట్టాడు, అది చెప్పిన వెండిరంగు కలిపాడు, గన్నుతో కొట్టేశాడు. అది నీ బండి కంపెనీలో పుట్టిన రోజు రంగు. పుట్టి ఎనిమిదేళ్ళయిందిగా, ఎనిమిదేళ్ళూ ఈ బందరు ఉప్పుగాలి తింది. రంగుకీ వయసొస్తుంది బాబూ, మనకొచ్చినట్టే. ఈ ముక్క మావాడితో అంటే ‘పెదనాన్నా, నువ్వు కుర్చీలో కూర్చుని టీ తాగు’ అంటాడు. తాగుతున్నాగా మరి. అయినా ఈ ముక్క నాది కాదులే, రాజకుమారిది. ఎవరా? అబ్బో. సరే, అది ఆరడానికి ఇంకో గంట పడుతుంది. నీకూ పనేం లేదు, నాకు అసల్లేదు. అలా కూర్చో.

అప్పుడు నేను గుడివాడలో పిచ్చేశ్వరరావుగారని, ఆయన షెడ్డులో పెయింటింగు మేస్త్రీని. ఇరవై ఏళ్ళ మాట, కాదు, ఇరవై రెండో ఇరవై మూడో. అప్పట్లో కార్లకి బంపర్లు నల్ల ప్లాస్టిక్కువి వచ్చేవి. కాస్త ఖరీదైన రకానికి మాత్రం ఒంటి రంగే బంపరుకీ ఉండేది. ఇంకేవుంది, ప్రతివాడికీ తన చౌక బండి ఖరీదుదానిలా కనపడాలి. ‘మేస్త్రీ, బంపరూ, అద్దాల డొప్పలూ, తలుపుల పిడులూ అన్నీ బాడీ కలర్ కొట్టెయ్!’ మొదట్లో మాకూ తెలీదు, రేకుకి కొట్టినట్టే ప్లాస్టిక్కుకీ కొట్టాం. నెల తిరక్కుండా ఉల్లిపొరలా లేచిపోయింది. ఒక డాక్టరుగారైతే ఆ పొర ఆయనే పీక్కుని చేత్తో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టారు, ‘నతానియేలుగారూ, మీ రంగు మీరే ఉంచుకోండి’ అని. తర్వాత నేర్చుకున్నాంలే. సబ్బునీళ్ళతో కడగాలి, గరుకుకాగితం పట్టాలి, ప్లాస్టిక్కుకి వేరే ప్రైమరుంటుంది, ముందు అది కొట్టాలి. అంటుకోవడం వరకూ బానే ఉంది. కలవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

రాజకుమారిది పెడన. వాళ్ళది కలంకారీ అద్దకం పని. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. అద్దకాలు సరిగ్గా నడవక, రోజూ పాసింజరెక్కి మా షెడ్డుకొచ్చేది, రంగు కొట్టే ముందు కారు అద్దాలకి కాగితాలు అంటిస్తారే, ఆ పనికి. ఒకరోజు ఒక ఆకుపచ్చ బండి. పొద్దుట్నుంచీ కలుపుతున్నాను, చచ్చినా కలవదు. ఆవిడ కాగితాల కట్టతో నా వెనక నుంచుని, ‘ఇదిగోండి, పసుపు చాల్లేదండీ’ అంది. నాకు ఒళ్ళు మండింది. నలభై అయిదేళ్ళవాణ్ణి, ఇరవై ఏళ్ళ నుంచీ గన్ను పట్టినవాణ్ణి! ‘అయితే తమరే కలపండి’ అన్నాను ఎకసెక్కంగా. కలిపింది. రేకుముక్క మీద పూసి, ఆరనిచ్చి, బకెట్లో ముంచి తీసి తలుపు పక్కన పెట్టింది. ‘రంగుని తడి మీద చూడాలండీ, పొడి మీద అబద్ధం చెబుతుంది’ అంది. పైన మెరుపు కోటింగు పడ్డాక ఎలా ఉంటుందో ఆ నీళ్ళు ముందే చెప్పేస్తాయి బాబూ! ఇరవై ఏళ్ళలో నాకీ సంగతి చెప్పినవాడు లేడు. ఆ రోజు నుంచీ కలపడం ఆవిడ, కొట్టడం నేను.

బండి రాగానే చుట్టూ ఒకసారి తిరిగేది. ‘ఇంటి దగ్గర ఎడంపక్క పడమటెండకి పెడతారు కదండీ?’ అనేది. బండాయన తెల్లబోయేవాడు. ‘ఎడంపక్క వెలిసిందండీ, రెండుపక్కలకీ మధ్యగా కలుపుతాను’ అనేది. కలిపాక ఎడంచేతి బొటనవేలి గోరు మీద ఒక చుక్క పెట్టుకుని, చెయ్యి బండికి ఆనించి, ఒక కన్ను మూసి చూసేది. సాయంత్రం పాసింజరుకి వెళ్తుంటే ఆ గోరు మీద ఆ రోజు బండి రంగు ఉండేది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం చెబుతుంటారా, నా బుర్రలో మాత్రం రేపు ఏ బండొస్తుంది, ఏ రంగు గోరు అని. దేవుడు క్షమించాలి. ఇష్టం బాబూ. ఇప్పుడు దాచుకుని ఏం చేస్తాను, చాలా ఇష్టం. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి నా పెళ్ళి సంగతి మర్చిపోయినవాణ్ణి నేను. వాళ్ళ దేవుడు వేరు, మా దేవుడు వేరు, ఇంట్లో అమ్మ ఏమంటుందో, సంఘంలో ఏమనుకుంటారో. ఈ బండి అయ్యాక చెబుదాం, ఆ బండి అయ్యాక చెబుదాం అని మూడేళ్ళు గడిపేశాను. బళ్ళు వస్తూనే ఉన్నాయి.

ఇంతలో పిచ్చేశ్వరరావుగారు రంగులు కలిపే మిషను తెచ్చారు. ‘నంబరు కొడితే ఏ రంగు ఎన్ని గ్రాములో అదే చెబుతుంది నతానియేలూ!’ అని ఒకటే సంబరం. మొదటి బండి నాగాయలంక కాంతారావుగారిది, రొయ్యల చెరువులాయన. మెరూన్ కారు. మిషను కలిపింది, నేను కొట్టాను, బంపరు బిగించి ఎండలోకి తోశాం. తేడా బాబూ. బండేమో చెరువుగట్ల మీద ఎండి ఇటుకరంగుకి తిరిగింది, బంపరేమో నేరేడుపండులా నిగనిగలాడుతోంది. పిచ్చేశ్వరరావుగారు మంచాయనే, నిజం చెప్పాలంటే. అందర్నీ పిలిచి, ‘మేస్త్రీ, నీ మాటే ఫైనలు. కలవలేదంటావా, మిషను రేపే వెనక్కి పంపేస్తా. కలిసిందంటావా, కలిపే మనిషితో ఇక పనిలేదు మనకి’ అన్నారు. ఆవిడా అక్కడే నుంచుంది. కలవలేదు అనబోయాను. ఒట్టు, నాలిక మీదే ఉంది. సొట్టలు తీసే బంగార్రాజు ఉండేవాడులే, వాడు కిసుక్కున నవ్వి, ‘మేస్త్రీనడుగుతారేంటండీ, రాజకుమారి ఏమంటే ఆయనకదే వాక్యం’ అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. మూడేళ్ళుగా నేను దాచుకున్నానని అనుకుంటున్నది షెడ్డంతా చూస్తోందన్నమాట! అబ్బే, మా మధ్య ఏం లేదు అని చూపించాలనిపించింది. అంతే. ‘సరిపోయిందండీ’ అన్నాను.

షెడ్డులో ఆవిడ అందర్నీ వరసపెట్టే పిలిచేది. బంగార్రాజుని తమ్ముడూ అని, పిచ్చేశ్వరరావుగార్ని బాబాయ్‌గారూ అని. నాకు మాత్రం ఏ వరసా లేదు. ‘ఇదిగోండి’, ‘ఏవండీ’, అంతే. మూడేళ్ళలో ఒక్కసారి కూడా గమనించలేదు, చూడు నా బుర్ర. ఆ పూట దగ్గరికొచ్చింది, నా మొహంలోకి చూసింది. ‘నిజంగా సరిపోయిందా అన్నయ్యా?’ అంది. ఇన్నాళ్ళూ ఆ పిలుపు ఎందుకు పిలవలేదో అప్పుడు తెలిసింది నాకు. తెలిసి కూడా తలూపాను. క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది.

మూడోరోజుకి కాంతారావుగారు బండేసుకుని వచ్చేశారు. ‘ముందొక కారు, వెనకొక కారు కొన్నానటయ్యా నేను?’ అని ఒకటే కేకలు. పిచ్చేశ్వరరావుగారు నన్ను పక్కకి పిలిచి ‘వెళ్ళి ఆ అమ్మాయిని తీసుకురా’ అన్నారు. పెడన వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నేను చెప్పిందంతా విని, ‘నేనొచ్చి కలిపితే, ఆ రోజు మీరు అబద్ధం చెప్పారని అందరికీ తెలిసిపోదా అన్నయ్యా? తప్పు మిషను మీదే ఉండనివ్వండి’ అంది. కోపం లేదు బాబూ గొంతులో. కోపమున్నా బాగుండేది. ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది. అరుగు మీద ఇంకెవరూ లేరు కూడా. గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. ఆ ఏడు వానల్లో జ్వరమొచ్చి పోయిందట. నాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

ఆఁ? కాంతారావుగారి బంపరా? నేనే కలిపాను. పెడన వెళ్ళొచ్చాక, ఆ ఆదివారం చర్చి మానేసి, షెడ్డు తెరుచుకుని ఒక్కణ్ణే కూర్చున్నాను. పొద్దుట్నుంచీ ఏడు రేకుముక్కలు పాడుచేశాను. నలుపు ఎక్కువయ్యేది, పసుపు చాలేది కాదు. ఎనిమిదోది తీసుకెళ్ళి తలుపుకి ఆనించాను. కలిసింది. ఎక్కడ రేకో ఎక్కడ తలుపో నాకే తెలీలేదు. అచ్చం కలిసింది బాబూ. ‘ఏవండీ, చూడండి!’ అంటూ వెనక్కి తిరిగాను...

...ఒరే జాన్సన్! ఈ అబ్బాయికి టీ ఇచ్చారంట్రా ఎవరైనా?