ఇసకతో తోమిన తుపాకీ

పంద్రాగస్టు పెరేడ్‌కి ముందురోజు, పోర్ట్ బ్లెయిర్ పోలీసు ఆయుధశాలలో, తుపాకులు బాగుచేసే ముసలి ఉస్తాద్ ఒక రైఫిల్ విప్పి చూస్తున్నాడు. పొద్దున అది దానంతటదే పేలి గార్డు రూము కప్పుకి చిల్లు పెట్టింది. దాన్ని మోసే కానిస్టేబులు ఎదురుగా నిలబడ్డాడు.

"నాను ట్రిగ్గర్ ముట్టుకోనేదు, ఉస్తాద్. కసమ్."

"తెలుసురా. ముట్టుకోకుండానే పేలేలాగ నువ్వే తయారు సేసినావు. గొట్టం కొత్తదాన్లాగుంది. పట్టుమని పది గుళ్ళు కాల్సనేదు. మరి లోపల ఈ కొక్కెం ఇరవయ్యేళ్ళు కాల్సినట్టు ఎందుకరిగిపోనాది?"

"కంపెనీ మాలే ఖరాబేమో."

"కంపెనీ మీదకి తొయ్యకు. ఈ గీతలు సూడు. దేంతో తోమినావు?"

"ఇసకతో. కొబ్బరిపీసు పెట్టి. మాయమ్మ బిందెలు అలాగే తోముతాది."

"శభాష్! మీయమ్మ బిందె అరిగితే నీళ్ళు కారతాయి. ఈ కొక్కెం అరిగితే తూటాని కొట్టే సూదిని ఆపేదేటుంటాది? కాస్త కుదిపితే సాలు, పేలిపోద్ది. ఇది బిందె కాదని సెప్పినోడే లేడా?"

"ఇన్‌స్పెక్షన్లో సాబ్ మెచ్చుకున్నారు, ఉస్తాద్. అద్దంలాగుందన్నారు."

"అందులో ఆయన మొకమే కనబడుంటాది, ఇంకేటి సూత్తాడు! పోనీ, ఒక్క తుపాకీతో పోనాది."

"ఒక్కటి కాదు. పెరేడ్ తుపాకులు నలభయ్యీ అలాగే తోమాలని సాబ్ ఆర్డరేసినారు. నానే అందరికీ నేర్పినాను."

ఉస్తాద్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"రేపు సలామీ కాల్పులకి అందరూ తూటాలు పెడతారు కదా. సాబ్ ఎక్కడ నిలబడతాడు?"

"మాకెదురుగానే."

"మంచి సోటే. మొకం మళ్ళీ సూసుకోమను."