రాతి వంతెన బస్సు

తప్పులుంటే మన్నించండి, ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు రెండు పూటలు పట్టింది. మొన్న బస్టాండులో నేనూ మా ఆడపడుచూ అనుకున్న మాటలివి.

“వదినా, ఎవర్నీ అడక్కండి. బోర్డు నేనే చదువుతాను.”

“మా తమ్ముడుండగా వాడే చదివేవాడు. తప్పు బస్సెక్కామా, వంతెన చూసినట్టే!”

“రా... త్రి... వంతెన.”

“రాత్రి వంతెనా? పగలు వెళ్తే కనపడదా ఏం?”

“ఉండండి. అది వత్తు కాదు, బురద చార. రాతి వంతెన! ఎక్కండి.”

కొండ దగ్గర దిగాక:

“ఇంత వంతెన ఎవరు కట్టారే?”

“ఎవరూ కట్టలేదట. గాలీ వానా తొలిచాయని ఈ పలక మీద రాసుంది.”

“ఎన్నాళ్లు పట్టిందట?”

“లక్ష ఏళ్లు.”

“అయితే నువ్వే నయం, రెండేళ్లలో చదువు నేర్చేశావు!”

— బడిమామ్మ, అరవై ఏడేళ్లు. మా ఆయన పోయాక ఉండేది వదిన పక్క గదిలో.