సారె మీది సామి

సుడిసామి అని ఒకడుండె. యాడోడో, ఏం కతో ఎవురికీ తెల్దు. ఎవురూ అడగలా కూడా. గడ్డముంటే సాలు మనోళ్లకి. వాడు గువ్వలదిన్నెకు వచ్చి, కుమ్మర ఈరన్న కుండలు చేసే సారె ఉంటాది చూడు, పెద్ద చక్రం, దాన్ని సావిడి కాడికి తెప్పించినాడంట. దాని నడిమధ్యన కూర్చొని, చేతికొక ఇనప గుండు పట్టుకొని, రెండు చేతులూ బార్లా చాపుతాడు. శిష్యుడు కట్టెతో సారెను తిప్పి పక్కకు పోతాడు. సారె మెల్లంగ తిరుగుతా ఉంటాదా, అప్పుడు సామి కండ్లు మూసుకొని, "వచ్చె, తల్లి వచ్చె!" అని గుండ్లు రెండూ రొమ్ముకు అదుముకుంటాడు. అంతే, ఎవురూ ముట్టకుండానే సారె గిర్రున తిరుగుతాది, గడ్డం గాల్లో లేస్తాది. జనం ఎగబడి మొక్కేది. ఆ తిరుగుట్లో వాడేమంటే అదే తల్లి మాట అనుకో. కోడి తెమ్మంటే కోడి, నెయ్యి తెమ్మంటే నెయ్యి. తల్లికి నాటుకోడి మీద అంత ఆశ ఎందుకో ఒక్కడన్నా అడిగినాడా? అడగలా.

ఏమైందంటే, పెద్దరెడ్డి ఎద్దులు వరసగా సచ్చిపాయె. గొంతువాపో ఏందో, పశువుల డాక్టరును పిలిస్తే తెలిసిపోను. పిలవలా. సామిని అడిగినాడు. సామి తిరిగి తిరిగి, మేకలు కాసే సుంకమ్మ చేతబడి చేసింది అనె. ఎందుకంటే మొన్న మేకపిల్లను ఇమ్మంటే, "నీది కడుపా, చెరువా?" అనిందంట ఆ యమ్మ. అదీ వాని కడుపుమంట. మొగుడు లేని మనిషి, ఎవురొస్తారు అడ్డం? మంత్రం పలక్కుండా పండ్లు రాలగొట్టి ఊరు దాటిస్తామన్నాడు రెడ్డి. నేనేం చేయలేదు నాయనా, నా మేకలే నాకు లోకం, అని సుంకమ్మ ఏడ్చింది. ఆ యమ్మ చేతి మజ్జిగ తాగినోళ్లే తల దించుకొని నిలబడినారు, సిగ్గులేని జల్మలు. సామికేమో పొగరు నెత్తికెక్కి, "తల్లి పాపిష్టోళ్లకు రాదు. కావాలంటే దీన్నీ కూర్చోబెట్టి తిప్పండి, సారె జోరందుకోదు. చేతులు మాత్రం చాపుకొనే ఉండాల" అన్నాడంట.

కూర్చోబెట్టినారు, గుండ్లు చేతికిచ్చినారు, తిప్పినారు. ఆ బరువుకు సుంకమ్మ చేతులు గుంజతాండాయి, కండ్లు తిరగతాండాయి. భయానికి తట్టుకోలేక, బిడ్డను అదుముకున్నట్ల గుండ్లు రెండూ రొమ్ముకు అదుముకునె. సారె గిర్రుమనె! "తల్లి వచ్చె, సుంకమ్మకు వచ్చె!" అని జనం ఒకటే కేకలు. సామి ఎగిరి దూకి, "ముడవద్దే! చేతులు చాపు, చాపు!" అని అరిచె. ఆ అరుపే వాని కొంప ముంచె. సుంకమ్మ చాపింది. సారె నిదానించె. ముడిచింది. జోరందుకునె. మళ్లా చాపింది, మళ్లా ముడిచింది. ఏడుపు యాడ పాయెనో, ఆ యమ్మకు నవ్వొచ్చె. "ఓరి నీ గడ్డం కాల! ఇదేనా నీ తల్లి? బరువు దూరం పెడితే నిదానం, దగ్గరికి లాక్కుంటే జోరు! దీనికేనా నా పండ్లు రాలగొడతాంటిరి? రెడ్డీ, నువ్వు కూర్చో!" అనె. రెడ్డి కూర్చునె. రెడ్డికీ వచ్చె తల్లి. పొద్దున్నే తాగి పడుండే గిడ్డయ్యకూ వచ్చె. ఆ సందట్లో సామి జారుకునె.

ఇంక మనోళ్లకు బుద్ధొచ్చిందనుకుంటాండారా? బలే ఉండారే! తెల్లారేసరికి సారెకు పసుపూ కుంకం. తల్లి సామి మీద లేదంట, సారెలో ఉందంట! సుంకమ్మ ఇంటింటికీ పోయి చెప్పె. ఎవురింటారు? ఈరన్న పోయి, "నా సారె నాకియ్యండప్పా, కుండలు చేసుకోవాల" అంటే, "ముందు టెంకాయ కొట్టు, తల్లిని అడిగి చెప్తాం" అన్నాడంట రెడ్డి. సుంకమ్మ మేకలు తోలుకొని చెల్లెలి ఊరికి ఎల్లిపాయె. పోతా పోతా పొలిమేరలో నిలబడి, ఊరి తట్టు తిరిగి, తుపుక్కున ఉమ్మేసి పాయెనంట. నన్నడిగితే, ఆ ఉమ్మి కూడా దండగే.