ఐసుపెట్టెలో సాక్ష్యం

అట్లాంటిక్ మధ్యలో, సరుకు ఓడల గుంపుకు కాపలాగా వెళ్తున్న బ్రిటిష్ యుద్ధనౌక. వంటగది గుమ్మంలో లెఫ్టినెంట్ రేవెన్‌హిల్, లోపల వంటవాడు ప్రాసర్. ఇద్దరి మధ్యా మూత పెట్టిన బకెట్.

"ఐసుపెట్టెలో మటన్ పక్కనా సార్?"

"పక్కన పెడతావో, కింద పెడతావో నీ ఇష్టం, ప్రాసర్. చెడిపోకూడదు, అంతే."

"రేపు ఆ మటనే అందరికీ వండిపెట్టాలి నేను. మీక్కూడా."

"నాకొద్దులే. బిస్కట్లు తింటా."

"అసలెందుకు సార్ ఇది?"

"సాక్ష్యం. జర్మన్ సబ్‌మెరైన్‌ని ముంచామంటే ఒడ్డునున్న పెద్దలు ఊరికే నమ్మరు. నూనె తేలిందంటే మనల్ని మోసం చెయ్యడానికి జర్మన్లే వదిలారంటారు. చెక్కలు తేలాయంటే చెత్త అంటారు. మనిషి ముక్క చూపిస్తే నోరు మూస్తారు."

"ఛీ."

"ఆ ఛీ నాకూ ఉంది. తీసుకో."

"మా ఊరు స్వాన్సీలో కసాయి పంది కాలైనా ఇంతకంటే మర్యాదగా చుట్టిస్తాడు. ఆ మూత తియ్యనివ్వండి ఒకసారి."

"వద్దు."

"నా ఐసుపెట్టెలోకి ఏమొస్తోందో నేను చూడొద్దా?"

"వద్దన్నానా. ప్రాసర్, చెయ్యి తియ్."

"సార్... ఇది కాన్వాసు."

"ఏదో గుడ్డ."

"గుడ్డ కాదు, మనం పడుకునే ఉయ్యాల పక్కల కాన్వాసు. కుట్లు కూడా ఉన్నాయి. చచ్చేముందు జర్మన్లు తమని తాము సంచిలో కుట్టుకుంటారా?"

"గొంతు తగ్గించు."

"పొద్దున ఈ కాన్వాసులోనే కుట్టి సముద్రంలోకి వదిలామే, ఆ మునిగిన సరుకు ఓడవాళ్ల శవాలు. ప్రార్థన మీరే చదివారు. ఆమెన్ అనకముందే ప్రమాద గంట మోగింది, అక్కడే నీళ్లలోకి బాంబులేశాం."

"కింద ఏదో ఉందని నీళ్లలో చప్పుడు పట్టే యంత్రం చెప్పింది. వెయ్యక తప్పలేదు."

"వేసినందుకు అనట్లేదు. మనమే సాగనంపినవాళ్లని మళ్లీ పైకి తెచ్చి, బకెట్లోకి ఎత్తుకుని, శత్రువని చూపిస్తామా?"

"నాకు మాత్రం ఇష్టమనుకున్నావా?"

"మరి సబ్‌మెరైన్?"

"ఏం సబ్‌మెరైన్?"

"అదే, మనం ముంచింది. మునగలేదు కదా. ఇక్కడే ఎక్కడో మన కాళ్లకిందే ఉంది. ఇక భయంలేదని ఓడలన్నిటికీ చెప్పేశారు. సబ్‌మెరైన్ గురి తప్పించడానికి వంకర్లు తిరగడం మానేసి తిన్నగా పోతున్నాయవి, గొర్రెల్లా."

"తెలుసు."

"తెలిస్తే ఇక్కడ నిలబడ్డారేంటి? వెళ్లి కెప్టెన్ గారికి చెప్పండి. ఇప్పుడే. ఆయనకి తెలిస్తే..."

"చెప్పాను, ప్రాసర్. అంతా విన్నాకే దీన్ని నీ దగ్గర పెట్టించమన్నారు."